విండోస్ 10 నుంచి లినక్స్‌కి: మెయిల్, క్యాలెండర్, పాస్‌వర్డ్‌లు ఏవీ పోకుండా మారడం ఎలా?

మీరు అడిగింది ఇదీ. నాన్నగారి ల్యాప్‌టాప్ 2015లో కొన్నది, అందులో విండోస్ 10 ఉంది, విండోస్ 11 ఎక్కదంటోంది. విండోస్ బదులు నడిచే ఉచిత సిస్టమ్ లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేద్దామని మీ ఆలోచన. మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్ 2013లో పదకొండేళ్ల మెయిల్, క్యాలెండర్, కాంటాక్టులు ఉన్నాయి. క్రోమ్‌లో పాస్‌వర్డ్‌లు, ఫైర్‌ఫాక్స్‌లో బుక్‌మార్కులు ఉన్నాయి. అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఫార్మాట్ చేసి, మింట్ వేశాక మళ్లీ పేస్ట్ చేస్తే సరిపోతుందా అన్నారు.

సరిపోదు. మెయిల్ వరకు కొంత శ్రమపడితే కుదురుతుంది. క్రోమ్ పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ పద్ధతిలో రానే రావు. పదిహేనేళ్లుగా చుట్టాలకీ స్నేహితులకీ, రెండు మూడు చిన్న ఆఫీసులకీ ఈ పని చేసి పెడుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ఓపిగ్గా చదవండి.

ముందు తొందర సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అంటే కంప్యూటర్ పనిచేయడం మానేస్తుందని కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు రావని. ఇళ్లలో వాడుకునేవాళ్లు అదనపు అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. కాబట్టి ఈ ఆదివారమే అయిపోవాలని టెన్షన్ పెట్టుకోవద్దు. రెండు వారాలు పెట్టుకోండి.

ఇక అసలు విషయం. మొదట చేయాల్సింది కాపీ కాదు, ఏది ఎక్కడ ఉందో కనుక్కోవడం. నాన్నగారికి తెరమీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ, వాటి చోట్లు మూడు. కొన్ని సర్వర్‌లో ఉంటాయి, వాటిని మోయక్కర్లేదు, కొత్త కంప్యూటర్‌లో లాగిన్ అయితే వాటంతట అవే వస్తాయి. కొన్ని ఆ హార్డ్‌డిస్క్‌లో మాత్రమే ఫైలుగా ఉంటాయి, ఆ ఫైలు పోతే అవి పోయినట్టే. ఇంకొన్ని ఫైలుగానే ఉన్నా వాటి తాళంచెవి ఆ విండోస్ లాగిన్ దగ్గర ఉంటుంది. ఫైలు తెచ్చుకున్నా తెరుచుకోదు. మొదటి రకం గురించి దిగులు లేదు. రెండో రకాన్ని వెతికి పట్టుకోవాలి. మూడో రకాన్ని పాత విండోస్ బతికుండగానే బయటికి తీయాలి.

ఇది నేను 2011లో నేర్చుకున్నాను. మా బాబాయి కంప్యూటర్ బాగా నెమ్మదించిందంటే ఫార్మాట్ చేసి పెట్టాను. డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్, ఫొటోలు అన్నీ జాగ్రత్తగా సీడీల్లోకి ఎక్కించాను. ఆయన అవుట్‌లుక్ 2007 వాడేవారు. ఆ వెర్షన్ దాకా మెయిల్ ఫైలు డాక్యుమెంట్స్‌లో ఉండదు, యాప్‌డేటా అని మామూలుగా కంటికి కనిపించని ఫోల్డర్‌లో ఉంటుంది. నాకా సంగతి తెలియదు. మళ్లీ అవుట్‌లుక్ తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన మా చెల్లి మొదటి ఏడాది నుంచీ రాసిన మెయిల్స్ అందులో ఉన్నాయి. బాబాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అప్పటినుంచి ఎవరి కంప్యూటర్ ముట్టుకున్నా ముందు మెయిల్ ఫైలు ఎక్కడుందో చూసి, దాని పేరూ సైజూ కాగితం మీద రాసుకుంటాను.

మీరూ అదే చేయండి. అవుట్‌లుక్‌లో ఫైల్ మెనూ, అందులో అకౌంట్ సెట్టింగ్స్ తెరవండి. ప్రతి మెయిల్ అకౌంట్ పక్కనా దాని రకం రాసి ఉంటుంది: పాప్ అనో, ఐమ్యాప్ అనో. ఐమ్యాప్ అయితే మెయిల్ అసలు ప్రతి సర్వర్‌లోనే ఉంది, కంప్యూటర్‌లో ఉన్నది నకలు. పాప్ అయితే మెయిల్‌ని సర్వర్ నుంచి దించుకుని, కొన్నాళ్లకి అక్కడ చెరిపేస్తుంది. అవుట్‌లుక్ 2013లో మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం 14 రోజులకి. అంటే పాప్ అకౌంట్‌లో పదకొండేళ్ల మెయిల్ ఉందంటే, ఈ రెండు వారాల మెయిల్ తప్ప మిగతా అంతా ప్రపంచం మొత్తం మీద నాన్నగారి హార్డ్‌డిస్క్‌లో ఒక్కచోటే ఉంది. ఇంటర్నెట్ కంపెనీ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన పాత మెయిల్ ఐడీ ఒకటి ఉందని మీరన్నారు కదా, అది పాప్ అయి ఉండే అవకాశమే ఎక్కువ.

అదే విండోలో పక్కన డేటా ఫైల్స్ అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ ఒక్కో ఫైలు పేరు, అది ఉన్న చోటు కనిపిస్తాయి. పీఎస్‌టీ అని ముగిసే ఫైలు అయితే అది మీరు మోసుకెళ్లాల్సిన అసలు సరుకు. ఓఎస్‌టీ అని ముగిస్తే సర్వర్‌కి నకలు. ఫైలుని ఎంచుకుని ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే నేరుగా ఆ ఫోల్డర్‌కే తీసుకెళ్తుంది. యాప్‌డేటా ఎక్కడుందని వెతుక్కునే పని లేదు.

ఐమ్యాప్ అని చూసి ఊపిరి పీల్చుకునేవాళ్లు ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, ఆర్కైవ్, అంటే పాత మెయిల్స్‌ని వేరే ఫైలులోకి సర్దేయడం. నాన్నగారు ఎప్పుడైనా ఆ పని చేసి ఉండొచ్చు. అప్పుడవి సర్వర్ నుంచి పోయి ఆర్కైవ్ అనే వేరే పీఎస్‌టీలో ఉంటాయి. రెండోది మరీ మోసం: అవుట్‌లుక్ 2013లో ఐమ్యాప్ అకౌంట్‌కి క్యాలెండర్, కాంటాక్టులు సర్వర్‌కి వెళ్లవు. ఐమ్యాప్ మెయిల్ కోసం మాత్రమే పుట్టింది, దానికి క్యాలెండర్ అంటే ఏమిటో తెలియదు. క్యాలెండర్ పేరు పక్కన బ్రాకెట్లో దిస్ కంప్యూటర్ ఓన్లీ అని ఉందేమో చూడండి. ఉంటే అది నిజంగానే ఆ కంప్యూటర్‌లో మాత్రమే ఉంది.

ఇప్పుడు ఫైళ్ల కాపీ. అవుట్‌లుక్ పూర్తిగా మూసేయండి, తెరిచి ఉండగా పీఎస్‌టీని కాపీ చేయనివ్వదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు. డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ చూపిస్తూనే ఫైలు చాలా పెద్దదని చెబుతుంది, జనం డ్రైవ్ పాడైందనుకుంటారు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి, విండోస్‌కీ లినక్స్‌కీ రెండింటికీ పనికొస్తుంది. కాపీ అయ్యాక రెండు చోట్లా సైజు బైట్లతో సహా సరిపోల్చండి. అలాంటి కాపీలు రెండు, రెండు వేర్వేరు డ్రైవ్‌లలో.

పీఎస్‌టీని లినక్స్‌లో తెరిచే అవుట్‌లుక్ లేదు. కాబట్టి దాన్ని అందరికీ అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. ఆ రూపం పేరు ఎంబాక్స్. యూనిక్స్ తొలి రోజుల నాటిది, చాలా సాదాసీదాది: ఒక ఫోల్డర్‌లోని మెయిల్స్ అన్నీ ఒకే పొడుగాటి టెక్స్ట్ ఫైలులో ఒకదాని కింద ఒకటి, ప్రతి మెయిల్ మొదట ఫ్రమ్ అనే పదంతో ఒక లైను. ఏ ఎడిటర్‌తోనైనా తెరిచి చదవచ్చు. నాకు ఎంబాక్స్ మీద ఇష్టం అందుకే, ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఏ ప్రోగ్రామూ లేకపోయినా మా చెల్లి మెయిల్ లాంటిది చదువుకోవచ్చు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడిచే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ కూడా మామూలుగా లోపల ఇదే వాడుతుంది.

మార్చడానికి నేను ముందు ప్రయత్నించే దారి: పాత విండోస్‌లోనే, అవుట్‌లుక్ పక్కనే థండర్‌బర్డ్ ఇన్‌స్టాల్ చేయడం. టూల్స్ మెనూలో ఇంపోర్ట్ ఉంటుంది, అందులో అవుట్‌లుక్ ఎంచుకుంటే ఫోల్డర్ల అమరికతో సహా లోకల్ ఫోల్డర్స్ కిందికి లాక్కుంటుంది. దీనికి ఆ కంప్యూటర్‌లో అవుట్‌లుక్ ఉండి తీరాలి, విండోస్‌లో దాన్నే డిఫాల్ట్ మెయిల్ ప్రోగ్రామ్‌గా పెట్టాలి. లినక్స్‌లోని థండర్‌బర్డ్‌లో ఈ అవకాశమే కనిపించదు. అందుకే ఫార్మాట్ అయ్యాక చూసుకుందాంలే అనుకోకూడదు.

అంతా దిగాక థండర్‌బర్డ్ తన మెయిల్, సెట్టింగులు అన్నీ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని లినక్స్‌కి తీసుకెళ్లొచ్చు. విండోస్‌లో తయారైన ప్రొఫైల్ లినక్స్‌లో తెరుచుకుంటుంది. ఎక్స్‌పోర్ట్ అనే మెనూ కూడా ఉంది, అది జిప్ ఫైలు చేసిస్తుంది గానీ ప్రొఫైల్ 2 జీబీ దాటితే పనికిరాదు. పదకొండేళ్ల మెయిల్ దాటే ఉంటుంది. కాబట్టి ఫోల్డర్‌నే కాపీ చేయండి. ముందు ట్రాష్ ఖాళీ చేసి, కాంపాక్ట్ ఫోల్డర్స్ నొక్కండి. థండర్‌బర్డ్ డిలీట్ చేసిన మెయిల్స్‌ని వెంటనే ఫైలులోంచి తీయదు, కాంపాక్ట్ చేస్తేనే తీస్తుంది. ఇంకో జాగ్రత్త: లినక్స్‌లోని థండర్‌బర్డ్ వెర్షన్ విండోస్‌లోని దానితో సమానంగానో, కొత్తదిగానో ఉండాలి. పాతదైతే ఈ ప్రొఫైల్‌ని తెరవనంటుంది. ఫైర్‌ఫాక్స్‌కీ ఇదే రూలు.

ఇంపోర్ట్ సగంలో ఆగిపోతే, అలా నాకు రెండు మూడుసార్లు జరిగింది, రెండో దారి ఉంది. మింట్ వేశాక పీఎస్‌టీ-యుటిల్స్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే రీడ్‌పీఎస్‌టీ అనే కమాండ్ వస్తుంది. దానికి పీఎస్‌టీ ఫైలుని చూపిస్తే ఫోల్డర్‌కొక ఎంబాక్స్ రాసిపెడుతుంది. ఆ ఫైళ్లను, పేరు చివర చుక్కా పొడిగింపూ ఏమీ లేకుండా, థండర్‌బర్డ్ మూసి ఉండగా ప్రొఫైల్‌లోని లోకల్ ఫోల్డర్స్‌లో పడేసి తెరిస్తే ఎడమ పక్కన ఫోల్డర్లుగా కనిపిస్తాయి. మొదటిసారి తెరిచినప్పుడు సూచిక తయారు చేసుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది, కంగారుపడి మూసేయకండి.

మూడో దారి చాలామంది చెప్పేది: అవుట్‌లుక్‌లోనే జీమెయిల్‌ని ఐమ్యాప్‌గా కలిపి, పాత ఫోల్డర్లను మౌస్‌తో లాగి అందులో వదలడం. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఐమ్యాప్ ద్వారా పైకి ఎక్కించేదానికి గూగుల్ రోజుకి 500 ఎంబీ పరిమితి పెట్టింది. ఉదాహరణకి 9 జీబీ మెయిల్ అంటే పద్దెనిమిది రోజుల పైమాటే. పైగా ఉచిత అకౌంట్‌లో మొత్తం చోటు 15 జీబీ, అందులోనే ఫొటోలూ డ్రైవూ కూడా. ముఖ్యమైన ఒకటి రెండు ఫోల్డర్ల వరకైతే ఈ పద్ధతి మంచిదే, మొత్తానికి వద్దు.

మెయిల్ వచ్చింది కదా అని వెంటనే సంబరపడకండి. అవుట్‌లుక్‌లో ఒక్కో ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో, ఇక్కడ ఎన్ని వచ్చాయో లెక్క చూడండి. అన్నిటికంటే పాత మెయిల్ తెరవండి. పెద్ద అటాచ్‌మెంట్ ఉన్నదొకటి తెరవండి. తెలుగులో రాసినదొకటి తెరవండి. అవుట్‌లుక్ నుంచి రిచ్ టెక్స్ట్‌గా పంపిన మెయిల్స్‌లో అటాచ్‌మెంట్ బదులు winmail.dat అనే ఫైలు ఒకటి కనిపించవచ్చు, అసలు ఫైళ్లు దాని కడుపులో ఉంటాయి, విప్పే యాడ్-ఆన్‌లు ఉన్నాయి. తెలుగు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే అక్షరాల ప్రమాణంలో ఉంటే, విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంట్ మింట్‌లో లేకపోయినా వేరే తెలుగు ఫాంట్‌లో చక్కగా కనిపిస్తుంది. అను ఫాంట్లలో టైప్ చేసి పంపిన పెళ్లి పత్రికలూ, కరపత్రాలూ ఉంటే మాత్రం ఇంగ్లిష్ అక్షరాల గందరగోళంగా కనిపిస్తాయి. అది మెయిల్ పాడవడం కాదు, అవి మొదటినుంచీ యూనికోడ్ కాదు. అలాంటివి ముఖ్యమైనవుంటే పాత కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి.

ఇంకొకటి చెప్పాలి, దీనికి పెద్దవాళ్లు చాలా బాధపడతారు. నాన్నగారు టు అన్నచోట రెండక్షరాలు కొట్టగానే పేరు వచ్చేస్తుంది కదా, ఆ పేర్లు చాలావరకు కాంటాక్టులలో ఉండవు. అవుట్‌లుక్ తనకు తానుగా గుర్తుపెట్టుకున్న జాబితా అది. ఇంపోర్ట్‌లో రాదు. కొత్త కంప్యూటర్‌లో రెండక్షరాలు కొడితే ఏమీ రాక, నా అడ్రసులన్నీ పోయాయి అంటారు. ముందురోజే ఆయన పక్కన కూర్చుని సెంట్ ఐటమ్స్ తెరిచి, తరచుగా రాసే ఇరవై ముప్పై మందిని కాంటాక్టులలో చేర్చండి. అరగంట పని. సంతకం కూడా అంతే, ఆయన మెయిల్ కింద వచ్చే నాలుగు లైన్లు ఒక టెక్స్ట్ ఫైలులో పెట్టుకోండి. వచ్చిన మెయిల్స్‌ని వాటంతట అవే సర్దేలా పెట్టుకున్న రూల్స్ రావు, కొత్తగా పెట్టుకోవాల్సిందే.

కాంటాక్టులను సీఎస్‌వీగా, అంటే పట్టికలాంటి టెక్స్ట్ ఫైలుగా తీస్తే తెలుగులో రాసుకున్న పేర్లు ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదం ఉంది, ఎందుకంటే పాత అవుట్‌లుక్ అన్ని భాషల అక్షరాలనూ నిలబెట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో రాయదు. థండర్‌బర్డ్ ఇంపోర్ట్‌తో తెచ్చుకోవడం మేలు. సీఎస్‌వీ తప్పనిసరైతే, చెరిపేముందు ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి తెలుగు పేర్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి.

క్యాలెండర్ దగ్గర ఆగి ఆలోచించాలి. అవుట్‌లుక్‌లో క్యాలెండర్ తెరిచి ఫైల్ మెనూలో సేవ్ క్యాలెండర్ నొక్కితే ఐసీఎస్ ఫైలు ఇస్తుంది. ఇది 1998 నుంచి ఉన్న ప్రమాణం, థండర్‌బర్డ్, గూగుల్, ఫోన్లు అన్నీ చదువుతాయి. సేవ్ చేసేముందు మోర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, తేదీల దగ్గర హోల్ క్యాలెండర్, వివరాల దగ్గర ఫుల్ డీటెయిల్స్ ఎంచుకోండి. ఈ రెండూ మరిచిపోతే కొన్ని రోజులవే రావచ్చు, లేదా అన్నీ బిజీ అని మాత్రమే రావచ్చు.

హోల్ క్యాలెండర్ అంటే భవిష్యత్తు తేదీలు కూడా, అవి ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ. మా ఊళ్లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి క్యాలెండర్ మార్చాను. వాళ్ల అమ్మగారి ఆబ్దికం, నాన్నగారి ఆబ్దికం ఆయన ఏటా తిథి చూసి, పంచాంగం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటిగా ఎక్కించుకున్నారు. ప్రతి సంవత్సరం రిపీట్ అని పెట్టడం కుదరదు కదా, తిథి ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అధిక మాసం వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి వెళ్తుంది. రాబోయే నాలుగేళ్లవి ఆయన ముందే లెక్కగట్టి పెట్టుకున్నారు. ఈ రోజు వరకే తీసి ఉంటే ఆ శ్రమంతా పోయేది. మార్చిన తర్వాత ఆయన మొదట తెరిచి చూసుకున్నది ఆ తేదీలే.

లినక్స్‌లో ఇంపోర్ట్ చేసేముందు టైమ్ జోన్ ఏషియా, కోల్‌కతా అని ఉందో లేదో చూడండి. లేకపోతే సాయంత్రం ఆరింటి మీటింగు మధ్యాహ్నం పన్నెండున్నరకి కనిపిస్తుంది. పుట్టినరోజుల్లాంటి రోజంతా ఉండే ఎంట్రీలు ఇలా మార్చేటప్పుడు ఒక్కోసారి తేదీగా కాక, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు అని నమోదవుతాయి. మన అర్ధరాత్రి అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే యూటీసీ సమయంలో ముందురోజు సాయంత్రం ఆరున్నర. అందుకే పుట్టినరోజు ఒకరోజు ముందుకు జరిగిపోయినట్టు కనిపిస్తుంది. విండోస్, లినక్స్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకునేవాళ్లకి ఇంకో చిక్కు: కంప్యూటర్ లోపలి గడియారంలో విండోస్ మన టైమ్ రాస్తుంది, లినక్స్ యూటీసీ రాస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా గడియారం అయిదున్నర గంటలు తప్పుతుంది, రిమైండర్లూ దాని వెంటే తప్పుతాయి. రెండూ పెట్టుకునేట్టయితే లినక్స్‌కి లోకల్ టైమ్ వాడమని చెప్పే సెట్టింగ్ ఉంది, అది పెట్టేయండి.

ఐసీఎస్‌ని ఉన్న క్యాలెండర్‌లోకి కాకుండా, కొత్తగా ఒకటి సృష్టించి అందులోకి ఇంపోర్ట్ చేయండి. తేడా వస్తే ఆ ఒక్కదాన్నీ తీసేసి మళ్లీ చేయొచ్చు. ఉన్నదాంట్లో కలిపేస్తే తర్వాత ఏది పాతదో ఏది కొత్తదో విడదీయలేక చాలామంది విసిగిపోతారు. అంతా బాగుందనుకున్నాక గూగుల్ క్యాలెండర్‌లోకి ఎక్కిస్తే నాన్నగారి ఫోన్‌లోనూ కనిపిస్తుంది, మళ్లీ ఒకే డిస్క్ మీద ఆధారపడే పరిస్థితి రాదు.

ఇప్పుడు క్రోమ్. మొదట్లో చెప్పిన మూడో రకం ఇదే. క్రోమ్ పాస్‌వర్డ్‌లను రహస్య లిపిలో దాస్తుంది, ఆ తాళంచెవిని విండోస్ ఆ యూజర్ లాగిన్‌తో ముడిపెట్టి ఉంచుతుంది. మీరు క్రోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి లినక్స్‌లో పెట్టినా బుక్‌మార్కులు వస్తాయేమో గానీ పాస్‌వర్డ్‌లు రావు. లాగిన్ అయి ఉన్న సైట్లూ రావు.

ఈ ముడి ఎంత గట్టిదో నాకు తెలిసిన ఒక ట్యూషన్ సెంటర్‌లో చూశాను. అక్కడి కంప్యూటర్ విండోస్ పాస్‌వర్డ్ మరిచిపోయారు. రిపేరు షాపులో ఇస్తే వాళ్లు బయటినుంచి పాస్‌వర్డ్ చెరిపేసి ఇచ్చారు. విండోస్ తెరుచుకుంది, ఫైళ్లన్నీ ఉన్నాయి, క్రోమ్‌లో ఒక్క పాస్‌వర్డ్ కూడా లేదు. అలా బలవంతంగా మార్చితే తాళంచెవి పనిచేయదు. వాళ్లు ప్రతి సైటుకీ ఫర్‌గాట్ పాస్‌వర్డ్ నొక్కుతూ రెండు రోజులు గడిపారు. కాబట్టి నాన్నగారి విండోస్ పాస్‌వర్డ్ మీకు తెలియకపోతే ఆయన్నే అడగండి, రీసెట్ జోలికి పోవద్దు.

సరైన పద్ధతులు రెండు. క్రోమ్‌లో నాన్నగారి గూగుల్ అకౌంట్‌తో సింక్ ఆన్ చేస్తే పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, హిస్టరీ అన్నీ లినక్స్‌లో సైన్ ఇన్ కాగానే వస్తాయి. అయితే లినక్స్‌లో గూగుల్ క్రోమ్‌నే ఇన్‌స్టాల్ చేయండి. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో దొరికే క్రోమియం చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, 2021 మార్చి నుంచి గూగుల్ దానికి సింక్ వాడుకునే వీలు తీసేసింది. ఇది తెలియక, సైన్ ఇన్ అయినా ఏమీ రావట్లేదని చాలామంది తికమకపడతారు. క్రోమ్ మొదటిసారి తెరిచినప్పుడు కీరింగ్ పాస్‌వర్డ్ అని అడగవచ్చు. వైరస్ కాదు, లినక్స్ తన సొంత తాళంచెవుల పెట్టె తెరవమంటోంది. మింట్ లాగిన్ పాస్‌వర్డే ఇవ్వండి.

సింక్ ఇష్టం లేకపోతే పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ ఉంది, విండోస్ పిన్ అడిగి సీఎస్‌వీ ఫైలు ఇస్తుంది. ఆ ఫైలులో ప్రతి సైటు, ప్రతి పాస్‌వర్డ్ పచ్చిగా, ఎవరైనా చదివేలా రాసి ఉంటాయి. బ్యాంకుది కూడా. దాన్ని మెయిల్‌లో పంపుకోవద్దు, వాట్సాప్‌లో అస్సలు పెట్టుకోవద్దు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ఇంపోర్ట్ చేసి, అదే గంటలో పెన్‌డ్రైవ్‌లోనూ పాత కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లోనూ చెరిపేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. బ్యాంకుల దగ్గర కొత్త కంప్యూటర్ నుంచి లాగిన్ కాగానే ఓటీపీ అడుగుతారు కాబట్టి, నాన్నగారి పాత మొబైల్ నంబరు ఇంకా పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి.

ఫైర్‌ఫాక్స్‌తో ఇంత గొడవ లేదు. దాని తాళంచెవి కూడా ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, విండోస్‌తో ముడి లేదు. ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, హిస్టరీ అన్నీ లినక్స్‌లో తెరుచుకుంటాయి. అంటే ఆ ఫోల్డర్ ఎవరి చేతికి దొరికినా వాళ్లకీ తెరుచుకుంటుందని అర్థం, పాస్‌వర్డ్‌లన్నిటికీ కలిపి తాళంలా పనిచేసే ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకుంటే తప్ప. ఫోల్డర్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు, బ్రౌజర్‌నే అడగండి: అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అని ఇంగ్లిష్‌లో కొడితే ఫోల్డర్ తెరిచే బటన్ వస్తుంది. మీరు మింట్ కాక ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్ వేస్తే ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీగా వస్తాయి, ఫోల్డర్ చోటు వేరే. అప్పుడు కూడా ఇదే పద్ధతి దారి చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ సింక్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: అది బ్యాకప్ కాదు. అకౌంట్ పాస్‌వర్డ్ మరిచిపోయి రికవరీ కీ లేకుండా రీసెట్ చేస్తే సర్వర్‌లో ఉన్నది పోతుంది. పాత కంప్యూటర్ ఫార్మాట్ అయ్యాక ఆ పని జరిగితే ఇక దారి లేదు.

బుక్‌మార్కులు మాత్రమే కావాలంటే ఏ బ్రౌజర్ నుంచైనా హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. రెండు నిమిషాలు.

చివరగా, ఫార్మాట్ గురించి నా గట్టి అభిప్రాయం: చేయకండి. 2015 ల్యాప్‌టాప్ అంటే అందులో తిరిగే హార్డ్‌డిస్క్ ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని విప్పి, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, ఎస్‌ఎస్‌డీ, చిన్నదొకటి కొని వేసి, మింట్‌ని దాని మీద ఎక్కించండి. ల్యాప్‌టాప్ వేగం పెరగడం కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. పాత డిస్క్‌ని మెత్తటి గుడ్డలో చుట్టి, మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి. మూడు నెలల తర్వాత నాన్నగారు ఫలానా పాలసీ కాగితం ఏదిరా అని అడిగితే, మళ్లీ బిగించి విండోస్ తెరిచి తీసి ఇవ్వొచ్చు. డిస్క్ మొత్తానికీ విండోస్ వేసే తాళం, బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్, ఉందేమో విప్పేముందే చూసి, ఉంటే రికవరీ కీ రాసుకోండి.

డిస్క్ మార్చకముందు మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ పనిచేస్తున్నాయో తేలిపోతుంది. నాన్నగారు యూఎస్‌బీ టోకెన్‌లో డిజిటల్ సంతకం వాడేవారైతే అది తప్పకుండా ప్రయత్నించండి, అలాంటి టోకెన్లు లినక్స్‌లో చాలా ఇబ్బంది పెడతాయి. ట్యాలీ వాడుతుంటే దానికి విండోస్ కావాల్సిందే.

ఈ సాయంత్రం అవుట్‌లుక్ తెరిచి రెండు విషయాలు చూసి చెప్పండి: అకౌంట్ సెట్టింగ్స్‌లో ఒక్కో అకౌంట్ పక్కన పాప్ అని ఉందా, ఐమ్యాప్ అని ఉందా; డేటా ఫైల్స్‌లో ఎన్ని పీఎస్‌టీలు ఉన్నాయి, ఒక్కోటి ఎంత సైజు. అవి తెలిస్తే మీకు ఏ దారి సులువో కచ్చితంగా చెప్పగలను. అంతవరకు పాత కంప్యూటర్‌లో ఏదీ చెరపకండి.